పని మానేసిన కార్మికుడి సెలవు డబ్బు కూడా అతని కష్టార్జితమే
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు టైం ఆఫీసులో హాజరు మస్టర్లు, సెలవు రిజిస్టర్లు రాస్తూ ఉద్యోగ జీవితం గడిపి రిటైరైన వాణ్ని. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా పని మానేసినా, ఎవరినైనా పనిలోంచి తీసేసినా, ఇప్పటికీ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. పీఎఫ్ దరఖాస్తు నింపిపెట్టమంటారు, గ్రాట్యుటీ ఎంత వస్తుందో లెక్క చెప్పమంటారు. వాడుకోకుండా మిగిలిపోయిన ఆర్జిత సెలవుల (ఈ.ఎల్.ల) సంగతి మాత్రం నేను అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు. ‘‘ఈ.ఎల్.లు ఏమైనా మిగిలాయా’’ అంటే, ‘‘ఉంటాయి బాబూ, గానీ మానేసినోలకి ఇవ్వరు గదా’’ అని జవాబు వస్తుంది. అడిగినా రాదని అంత గట్టిగా నమ్మకం కుదిరిపోయింది. చట్టం మాత్రం ఇచ్చి తీరాలంటోంది. ఆ చట్టాన్ని అమలు చేయించే అధికారం మీ రెండు శాఖలకు ఉంది కనుక ఈ లేఖ మీకే రాస్తున్నాను.

చట్టంలో ఈ విషయమై తికమక ఏమీ లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ ప్రకారం, ఒక క్యాలెండరు సంవత్సరంలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున మరుసటి ఏడాది వేతనంతో కూడిన సెలవు వచ్చేది. కార్మికుడు తనంతట తాను మానేసినా, యజమాని తీసేసినా, చివరికి తప్పు చేశాడని డిస్మిస్ చేసినా, రిటైరైనా, ఉద్యోగంలో ఉండగానే చనిపోయినా, అప్పటికి అతని ఖాతాలో ఉన్న సెలవులకు వేతనం లెక్కకట్టి అతనికో, అతని వారసులకో చెల్లించాలని అదే సెక్షన్ ఆదేశించింది. గడువు కూడా అందులోనే ఉంది. మానేసినప్పుడు, తీసేసినప్పుడు రెండో పనిదినం ముగిసేలోగా ఇవ్వాలి. రిటైరైనప్పుడు, చనిపోయినప్పుడు రెండు నెలల్లోగా ఇవ్వాలి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ హక్కును 32వ సెక్షన్‌లో అలాగే నిలిపి, 240 రోజుల షరతును 180 రోజులకు తగ్గించింది. ఏడాది చివర కార్మికుడు కోరితే సెలవును డబ్బుగా తీసుకునే వీలు కూడా కల్పించింది. అమెరికాలో సమాఖ్య చట్టం ఈ డబ్బు చెల్లించాలని యజమానిని నిర్బంధించదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రమే దాన్ని వేతనంగా గుర్తించి ఇప్పిస్తున్నాయి. మన ఫ్యాక్టరీ కార్మికుడికి దేశమంతటా దశాబ్దాలుగా ఉన్న హక్కు ఇది. అలాంటి హక్కు పైడిభీమవరం, బొబ్బిలి, నెల్లిమర్ల, కొత్తవలస ప్రాంతాల్లో పనిచేసే మనుషుల చేతికి ఎందుకు అందడం లేదన్నదే నా ప్రశ్న.

మొదటి కారణం అర్హత రోజుల షరతును (పాత చట్టంలో 240, ఇప్పుడు 180) తప్పుగా చూపించడం. ఇది నేను ఎన్నోసార్లు చూసిన విషయం కనుక కాస్త వివరంగా చెబుతాను. పాత చట్టం ఉన్న కాలంలో ఒక కార్మికుడు సెప్టెంబరులో పని మానేశాడనుకుందాం. పాత సెలవులు 16 రోజులు ఖాతాలో ఉన్నాయి, నిరుడు చేసిన పనికి ఈ ఏడాది 14 రోజులు వచ్చి చేరాయి, అందులో 6 రోజులు వాడుకున్నాడు. మిగిలినవి 24. ఈ ఏడాది సెప్టెంబరు వరకు 190 రోజులు పనిచేశాడు. ఆఫీసులో ఏమంటారంటే, ఈ ఏడాది 240 రోజులు నిండలేదు కనుక ఈ ఏటి సెలవు లేనే లేదు, పాతవి వాడుకోలేదు కనుక అవి మురిగిపోయాయి అంటారు. ఆ రెండు మాటలూ చట్టానికి విరుద్ధం. 240 రోజుల షరతు ఉద్యోగంలో కొనసాగుతూ సెలవు పెట్టుకునే వాడికి వర్తిస్తుంది. పని వదిలి వెళ్లే వాడికి, ఆ అర్హతా కాలం పూర్తి కాకపోయినా సరే, అదే రేటున లెక్కకట్టి ఇవ్వాలని 79వ సెక్షన్ మూడో ఉపవిభాగం స్పష్టంగా చెప్పింది. కొత్త కోడ్‌లోనూ ఆ మాట ఉంది. 190 రోజులను 20తో భాగిస్తే తొమ్మిదిన్నర; అర రోజు, అంతకు మించిన భాగం ఉంటే పూర్తి రోజుగా లెక్కించాలి కనుక 10 రోజులు. పాత 24తో కలిపితే 34. రోజుకు సగటున 520 రూపాయలు సంపాదించే మనిషికి అది 17,680 రూపాయలు. నెల జీతం కంటే ఎక్కువైన ఆ మొత్తాన్ని ఒక్క తప్పుడు వివరణతో పోగొట్టుకుని, ఆ కార్మికుడు చేతులు జోడించి గేటు బయటికి వస్తున్నాడు.

రేటు దగ్గర మరో కోత ఉంది. సెలవుకు ముందు నెలలో నిజంగా పనిచేసిన రోజుల పూర్తి సంపాదన సగటు తీసి, ఓవర్‌టైమ్, బోనస్ మినహాయించి, కరువు భత్యం కలిపి లెక్కకట్టాలని ఫ్యాక్టరీల చట్టం 80వ సెక్షన్ చెప్పినా, చాలాచోట్ల ఒక్క బేసిక్ (మూల వేతనం) మీదే లెక్కకడుతున్నారు. బేసిక్‌ను తక్కువగా చూపి మిగతాదంతా రకరకాల అలవెన్సుల పేరిట ఇచ్చేచోట ఈ కోత మరీ పెద్దది. మినహాయించిన అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలిపే లెక్కకట్టాలని కొత్త కోడ్‌లు నిర్దేశించాయి కనుక, ఇకనైనా మీ తనిఖీలలో ఈ అంశాన్ని చూడవలసి ఉంటుంది.

రెండో కారణం, సెలవు ఖాతా కార్మికుడి కంటికి కనిపించకపోవడం. పీఎఫ్ విషయంలో పరిస్థితి ఎంతో మారింది. పీఎఫ్‌లో ఉన్న ప్రతి కార్మికుడికీ యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు ఉంది, ఫోనులో పాస్‌బుక్ తెరిస్తే ఏ నెల ఎంత జమ అయిందో తెలుస్తుంది. చదువు రాని వాళ్లు కూడా కొడుకు చేతో, కూతురి చేతో చూపించుకుని, రెండు నెలలు జమ పడకపోతే గేటు దగ్గర నిలబడి అడుగుతున్నారు. సెలవు ఖాతా మాత్రం ఇప్పటికీ యాజమాన్యం బీరువాలోనే ఉంది. కార్మికుడికి విడిగా సెలవు పుస్తకం ఇవ్వాలన్న నియమం ఉన్నా, దాన్ని పాటించేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తనకు ఎన్ని రోజులు నిలవ ఉన్నాయో తెలియని మనిషి ఎన్ని రోజులకు డబ్బు రావాలని అడుగుతాడు?

ఆఖరి రోజున కార్మికుడి ముందు పెట్టే ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితాన్ని మీరు ఒక్కసారి తెప్పించుకుని చూడండి. కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. జీతం బకాయి ఎదురుగా ఒక అంకె ఉంటుంది, బోనస్ ఎదురుగా ఇంకో అంకె. లీవు శాలరీ అన్న గడిలో ఒక అడ్డగీత ఉంటుంది, లేదా సున్నా ఉంటుంది. ఎన్ని రోజులకు, ఏ రేటున లెక్కకట్టారో చూపే గడి అసలు ఉండదు. అడుగున నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఇక నాకు ఎలాంటి క్లెయిమూ లేదు అని ముందే అచ్చువేసిన వాక్యం, దాని కింద రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద సంతకమో, వేలిముద్రో. సంతకం పెడితేనే చెక్కు ఇస్తామంటారు. ఆ రోజు ఇంటికి ఎంతో కొంత తీసుకెళ్లవలసిన మనిషి పెట్టక ఏం చేస్తాడు? అలా తీసుకున్న సంతకంతో కార్మికుడి హక్కు పోదు. తనకు రావలసిన మొత్తాన్ని వదులుకుంటున్నట్టు ఉద్యోగి చేత చేయించుకున్న ఒప్పందం చెల్లదని వేతన చెల్లింపు చట్టం 23వ సెక్షన్ చెప్పింది, 2019 నాటి వేతన కోడ్ 60వ సెక్షన్ కూడా చెబుతోంది. అయినా ఆ కాగితాన్నే సాక్ష్యంగా చూపి, అన్నీ ముట్టాయని సంతకం పెట్టాడు కదా అని కార్మికుణ్ని మీ కార్యాలయం మెట్ల మీద నుంచే వెనక్కి పంపిస్తున్నారని విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి ఇంతకంటే అన్యాయంగా ఉంది. మన పారిశ్రామికవాడల్లో లోడింగు, ప్యాకింగు, హౌస్‌కీపింగు వంటి పనుల్లో అత్యధికులు కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లే. మనిషి అదే, యంత్రం అదే, గేటు అదే. కాంట్రాక్టరు పేరు మాత్రం మారుతుంది. పేరు మారిన రోజున పాత కాంట్రాక్టరు లెక్కలో ఆ కార్మికుడి ఉద్యోగం ముగిసినట్టే కనుక, అప్పటి వరకు పోగైన సెలవులకు డబ్బు చెల్లించాలి. ఆయన చెల్లించడు. కొత్త కాంట్రాక్టరు ఆ సర్వీసుతో నాకు సంబంధం లేదంటాడు. కంపెనీ, మా రికార్డుల్లో నీ పేరే లేదంటుంది. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే కంపెనీ, చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్‌లో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. కాంట్రాక్టరు చివరి బిల్లు పాస్ చేసే ముందు కార్మికుల సెలవు వేతనాలు చెల్లించిన వోచర్లు చూపాలని కంపెనీలు షరతు పెడితే ఈ సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది. ఆ షరతు పెట్టమని కంపెనీలకు లిఖితపూర్వకంగా చెప్పడం మీకు కష్టమైన పని కాదని నా నమ్మకం.

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. గింజ కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగు చేయడం వంటి పనులకు కిలోల లెక్కన కూలి ఇస్తారు కనుక, కిలోల లెక్క కూలికి సెలవేమిటి అన్న మాట అక్కడ బాగా నాటుకుపోయింది. చట్టం అలా అనలేదు. పనిని బట్టి కూలి తీసుకునే వారికైనా, పనిచేసిన రోజుల సంపాదన సగటు తీస్తే రోజు వేతనం తేలుతుంది. దాని మీద సెలవు వేతనం ఇవ్వవచ్చు, ఇవ్వాలి. పదిమందికి లోపు పనిచేసే చిన్న యూనిట్లకు ఈ నిబంధన వర్తించదన్నది నిజమే. అయితే పదిమందికి పైగా పనిచేసే చోట కూడా మస్టరులో కొందరి పేర్లే రాసి మిగిలినవాళ్లను లెక్కలోకి రానివ్వకపోవడం ఈ పరిశ్రమ ఒక్కదానికే ఉన్న అలవాటు కాదు.

దుకాణాలు, హోటళ్లు, ప్రైవేటు ఆఫీసుల్లో పనిచేసే వారికి 1988 నాటి మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 15 రోజుల వేతన సెలవు ఇచ్చి, దాన్ని 60 రోజుల వరకు పోగుచేసుకోనిచ్చింది. శ్రీకాకుళం జీటీ రోడ్డు దుకాణాల్లో, విజయనగరం గంటస్తంభం చుట్టూ ఉన్న బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే యువతీయువకులకు ఆ సంగతి చెప్పినవారు లేరు. వారి విషయం విడిగా రాయదగినది కనుక ఇక్కడికి ఆపుతాను.

యాజమాన్యాలు చెప్పే మాట కూడా నేను విననివాణ్ని కాను. సెలవు ఇచ్చింది విశ్రాంతి కోసం, డబ్బు చేసుకోవడానికి కాదు, వాడుకోవలసిన రోజుల్లో వాడుకోకుండా చివర్లో డబ్బు అడిగితే ఎలా అంటారు. సెలవు విశ్రాంతి కోసమేనన్న మాటతో నాకు పూర్తిగా ఏకీభావం ఉంది. సంచుల దుమ్ములోనో, కొలిమి వేడి దగ్గరో, రసాయనాల ఘాటులోనో ఏడాదంతా పనిచేసే మనిషికి ఆ రోజులు ఇంటిపట్టున గడపడమే మేలు. కానీ ఉభాలకు (వరినాట్లకు) ఊరెళ్లాలని, పైడితల్లమ్మ సిరిమాను జాతరకు రెండు రోజులు ఉండాలని సెలవు చీటీ పెడితే, ఆర్డరు అర్జంటుగా ఉంది, మనుషులు లేరు, తర్వాత చూద్దాం అని తిప్పి పంపేది సూపర్‌వైజర్లే. అడిగినా ఇవ్వని సెలవును ఎలాంటి పరిమితీ లేకుండా మరుసటి సంవత్సరానికి కలపాలని చట్టం ఉన్నందువల్లే, చీటీ మీద ‘నిరాకరించడమైనది’ అని రాయడానికి ఎవరూ ఒప్పుకోరు. నోటిమాటతోనే వద్దంటారు. ఆ రోజు సంస్థ అవసరం కోసం కార్మికుడు వదులుకున్న విశ్రాంతి అది. అతను వెళ్లిపోయేటప్పుడు దాని విలువ అతనికి చేరడం కనీస న్యాయం. చిన్న పరిశ్రమలకు ఒక్కసారిగా అంత డబ్బు భారమవుతుందన్న వాదనకు జవాబు కూడా చట్టంలోనే ఉంది. ఏటా డిసెంబరులో కోరిన వారికి సెలవులను డబ్బుగా ఇచ్చేస్తే చివర్లో భారం పోగుపడదు.

ప్రభుత్వం తన ఉద్యోగుల విషయంలో ఈ సూత్రాన్ని ఎప్పుడో ఒప్పుకుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి రిటైరైతే 300 రోజుల వరకు ఆర్జిత సెలవుకు వేతనం లెక్కకట్టి ఇస్తారు. ప్రైవేటు ఉద్యోగులు రిటైరైనప్పుడు, ఉద్యోగం వదిలినప్పుడు అందుకునే సెలవు డబ్బు మీద ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితిని కేంద్రం 2023లో 3 లక్షల నుంచి 25 లక్షల రూపాయలకు పెంచింది. పెద్ద జీతగాళ్లకు లక్షల్లో ముట్టే ఈ డబ్బు, రోజుకు అయిదారు వందలు సంపాదించేవాడికి వేలల్లో కూడా ముట్టకపోవడం మీకు న్యాయంగా తోచదనే అనుకుంటున్నాను.

మరణించిన కార్మికుల కుటుంబాల విషయంలో నాకు మరీ ఆవేదనగా ఉంటుంది. కొంతకాలం కిందట నెల్లిమర్ల వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. భర్త షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చాక గుండెపోటుతో పోయాడు. ప్రమాదం కాదు కనుక పరిహారం లేదన్నారు. పీఎఫ్, ఫించను కాగితాలు నడుస్తున్నాయి. ప్లాస్టిక్ సంచిలోంచి ఆమె తీసిన కాగితాల్లో భర్త పాత సెలవు కార్డు కూడా ఉంది. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరిగిన ఆ కార్డులో, నిలవ అన్న గడిలో, పెన్సిలుతో 27 అని రాసి ఉంది. ఆ అంకెకు డబ్బు వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కార్డు ఉన్నందువల్ల అర్జీ రాయగలిగాం, ఆలస్యంగానైనా సంస్థ చెల్లించింది. కార్డు లేని ఇళ్ల సంగతి ఏమిటి? రెండు నెలల్లోగా వారసులకు చెల్లించాలన్న బాధ్యత చట్టం యజమాని మీద పెట్టింది, వితంతువు తిరిగి అడిగితేనే ఇవ్వాలని ఎక్కడా అనలేదు.

కార్మికుడికి ఫిర్యాదు మార్గాలు లేవని నేను అనను. వేతన కోడ్ 45వ సెక్షన్ కింద బకాయిల కోసం మూడేళ్లలోగా దరఖాస్తు చేసుకోవచ్చు. పాత వేతన చెల్లింపు చట్టంలో ఈ గడువు ఏడాది మాత్రమే ఉండేది. బకాయితో పాటు దానికి పదిరెట్ల వరకు పరిహారం విధించే అధికారం ఉంది. చెల్లించామని రుజువు చేసుకునే భారం యజమానిదేనని 59వ సెక్షన్ చెబుతోంది. ఇవన్నీ మంచి నిబంధనలు. కానీ 17 వేల రూపాయల కోసం, కొత్తగా మరో చోట పనిలో చేరిన మనిషి, రోజు కూలి వదులుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని, జిల్లా కేంద్రానికి వాయిదాల మీద వాయిదాలు తిరగలేడు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే, అది మీ కార్యాలయానికి వచ్చి, అక్కడి నుంచి సంస్థకు వెళ్లి, సెటిల్‌మెంట్ పూర్తయింది అన్న జవాబుతో మూతపడుతోంది. ఫిర్యాదు చేసిన వాడికే న్యాయం అన్న పద్ధతిలో ఈ డబ్బు ఎప్పటికీ రాదు. తనిఖీ చేసే వారే చూడాలి.

అందుకు నా విన్నపం ఇది. మీరు ఏ సంస్థకు తనిఖీకి వెళ్లినా, ప్రస్తుతం పనిచేస్తున్న వారి మస్టరుతో ఆగిపోకుండా, గత మూడేళ్లలో పేర్లు కొట్టేసిన వారి జాబితా కూడా అడగండి. ఆ జాబితాను సెలవు రిజిస్టరు పక్కన పెట్టి, పేరు కొట్టేసిన నాటికి ఎన్ని రోజులు నిలవ ఉంది, దానికి ఎంత చెల్లించారు, ఏ తేదీన చెల్లించారు అన్నది ఒక్కొక్క పేరుకూ చూడండి. ఉద్యోగ జీవితమంతా ఆ రిజిస్టర్లే రాసినవాడిగా చెబుతున్నాను, ఇది అర పూట పని. తేడా ఎక్కడుందో చూడగానే కనిపిస్తుంది. ఎందుకంటే మానేసిన వారి పేజీల్లో నిలవ గడి చాలాసార్లు ఖాళీగా వదిలేస్తారు, ఆ ఖాళీలే మీరు అడగవలసిన ప్రశ్నలు.

దానితో పాటు, సెటిల్‌మెంట్ కాగితం తెలుగులో ఉండాలని, అందులో నిలవ సెలవులు, రోజు రేటు, మొత్తం విడివిడిగా చూపాలని, సంతకం చేసిన కాపీ ఒకటి కార్మికుడికి ఇవ్వాలని రెండు జిల్లాల్లోని సంస్థలకు సర్క్యులర్ పంపండి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం కొత్త కోడ్ కింద తప్పనిసరి అయింది కనుక, సెలవు ఎలా జమ అవుతుందో, వెళ్లిపోయేటప్పుడు దానికి డబ్బు ఎలా వస్తుందో ఆ పత్రంలోనే రెండు వాక్యాలు రాయించండి. యజమానులకూ కార్మికులకూ చట్టం గురించి సమాచారం, సలహా ఇవ్వడం తనిఖీ అధికారి విధుల్లో భాగమని కొత్త కోడ్ చెబుతోంది. ఆ విధిని గేటు దగ్గర ఒక తెలుగు నోటీసు అంటించడంతో మొదలుపెట్టవచ్చు.

సెలవు ఖాతాలు డిసెంబరు 31తో ముగించి, జనవరిలో కొత్త పేజీకి నిలవలు ఎత్తి రాస్తారు. పాత నిలవలు ఎక్కువగా గల్లంతయ్యేది ఆ ఎత్తిరాతలోనే. కాబట్టి ఆ సర్క్యులర్ డిసెంబరు లోపే సంస్థలకు చేరేలా, ఎత్తిరాసిన నిలవను జనవరి జీతం చీటీ మీద ప్రతి కార్మికుడికీ చూపేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. రిజిస్టర్లు ఎలా పరిశీలించాలన్న విషయంలో నా అనుభవం మీ సిబ్బందికి ఏ కొంచెం ఉపయోగపడినా, పిలిచిన రోజు వచ్చి కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత టైం ఆఫీసు ఉద్యోగి,
విజయనగరం జిల్లా